బోరింగు కాడ బాలెంత

నా బిడ్డ బాలింత. మీర్‌పేట్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో, కిటికీకి తెర వేసిన గదిలో, గోడ వైపు తిరిగి పడుకుని ఉంటుంది. పాప ఏడిస్తే లేస్తుంది, పాలిస్తుంది, భుజాన వేసుకుని తట్టి పడుకోబెడుతుంది, మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. "ఏమన్న తింటవా బిడ్డా?" అంటే "వద్దమ్మా" అంటుంది. "జర హాల్లకొచ్చి కూసో" అంటే "తర్వాత" అంటుంది. డాక్టరమ్మ చూసి, దీనికి ఒక పేరుంది, చాలామంది తల్లులకు వస్తుంది, తగ్గుతుంది, మనిషిని మాత్రం ఒంటరిగా వదలకండి అని చెప్పింది. ఆ ఇంగ్లీషు పేరుకు నాకు నోరు తిరగలేదు. పేరుతో నాకేం పని? గోడ వైపు తిరిగిన ఆ వీపును చూడగానే గుర్తుపట్టాను. అది మా అక్క వీపు.

నిన్న సాయంత్రం అల్లుడు సీతాఫలాలు తెచ్చాడు. అట్టపెట్టెలో, ఒక్కో కాయకు తెల్లటి వల తొడిగి, పెళ్ళికూతుళ్ళలా ముస్తాబు చేసి పంపారు. "బాలింతలు ఇవి తినచ్చా అత్తయ్యా?" అని భయంభయంగా అడిగాడు. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి ఈ కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. బాలింతకు ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో వాళ్ళమ్మ చెప్పేది వేరు, నేను చెప్పేది వేరు. మా ఇద్దరి మధ్య నలిగిపోయి, పాపం, ఏం తెచ్చినా ముందు అడిగి గానీ లోపలికి తీసుకెళ్ళడు. నేను పెట్టె మూత తీశాను. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నేను ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి వెనక గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. లంగా కుచ్చిళ్ళలో సీతాఫలం దాచుకుని, నాయినమ్మ ఎటున్నదా అని చూస్తూ.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లినీ బిడ్డనూ జీపులో తీసుకొచ్చి, దిష్టి తీసి, నేరుగా వెనక గదిలోకి పంపి తలుపు దగ్గరికి వేశారు. ఆ తలుపుకు తాళం లేదు గానీ, మా నాయినమ్మ ఉంది. తాళమే నయం, తాళానికి నోరుండదు.

అంతకు ముందు మా అక్క ఎట్లాంటి మనిషో చెప్పాలి. గల్లీలో బతుకమ్మ పాట మొదలుపెట్టేది అక్కే. అక్క గొంతెత్తిందంటే అవతలి గల్లీ వాళ్ళు తమ బతుకమ్మను ఎత్తుకుని మా దగ్గరికి వచ్చి కలిసిపోయేవాళ్ళు. నవ్విందంటే అరుగు మీద కూర్చున్న బాపు అక్కడి నుంచే అరిచేవాడు. "ఏందే ఆ నవ్వుడు? ఇల్లు కూలుతది!" అక్క ఇంకా గట్టిగా నవ్వేది. పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళాక మా ఇల్లు ఎంత బోసిపోయిందో, కాన్పుకు వచ్చిన రోజున మళ్ళీ అంత కళకళలాడింది.

ఇక బాలింత సంగతి. పొద్దున లేచేసరికి ఇల్లంతా వావిలాకు వాసన. పెరట్లో మూడు రాళ్ళ మీద కాగు ఎక్కించి అమ్మ మంట పెట్టేది. నీళ్ళు సలసల కాగేవి. అక్క ఒళ్ళంతా నూనె, పసుపు పట్టించి, ఆ నీళ్ళు చెంబులతో నడుము మీద కొట్టేది నాయినమ్మ. అక్క కెవ్వుమంటే, "అరువు, అరువు. రేపు నా వయసుకొచ్చినంక నడుం నొయ్యకపోతే నన్ను యాజ్జేసుకుంటవ్" అనేది. తర్వాత నడుముకు పాత ధోవతి బిగించి కట్టడం, తలకు గుడ్డ చుట్టడం, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి, కుంపటి మీద సాంబ్రాణి. ఇంత ఎల్లిపాయ కారం, ఇంత నెయ్యి, వేడి వేడి అన్నం. పైన సొంఠి, పిప్పళ్ళు, వాము, బెల్లం కలిపి దంచిన కాయం ముద్ద. పెరుగు వద్దు, సొరకాయ వద్దు, అరటిపండు వద్దు. కిటికీ తెరవద్దు, గాలి సోకుతుంది. సీతాఫలం పేరెత్తితే చాలు, "సల్వ! పిల్లకు సర్ది జేస్తది!" అని నాయినమ్మ ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచేది.

నాకు ఇష్టమైనది పాప స్నానం. నాయినమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, శనగపిండితో రుద్దేది. పాప గల్లీ అంతా వినిపించేటట్టు ఏడ్చేది. "ఏడ్వనియ్, గొంతు పెరుగుతది. తల్లి లెక్క పాటలు పాడాలె గద" అనేది నాయినమ్మ. స్నానం కాగానే పొగ వేసి, మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి నా ఒళ్ళో పెట్టేది. వెచ్చగా, సాంబ్రాణి వాసనతో, పాలవాసనతో, కళ్ళు మూసుకుని ఉండేది. ప్రపంచంలో అంత బరువైన పని నాకొక్కదానికే అప్పజెప్పినట్టు ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.

కానీ అక్క నవ్వడం మానేసింది. మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత చూశాను. పాప పడుకోగానే గోడ వైపు తిరిగేది. "అక్కా, గీ పూలు సూడు" అంటే చూసేది, అంతే. అన్నం కంచం పెడితే మూడు ముద్దలు తిని చెయ్యి కడిగేది. ఒక్కోసారి ఏ కారణం లేకుండా కళ్ళవెంట నీళ్ళు కారుతూ ఉండేవి, తుడుచుకునేది కూడా కాదు. అమ్మ భయపడి దిష్టి మీద దిష్టి తీసింది. నాయినమ్మ మాత్రం, "పచ్చి ఒళ్ళు. గట్లనే ఉంటది. మీరు జర సప్పుడు జేయకున్రి" అనేది. అది పచ్చి ఒళ్ళు కాదు, అక్క మా అక్క లాగా లేదు అని నాకు తెలుస్తూనే ఉంది. పెద్దవాళ్ళకు ఎందుకు తెలియడం లేదో అర్థం కాక నాకు ఒళ్ళు మండేది. నాకు ఇప్పటికీ కోపం తొందరగానే వస్తుంది. కావాలంటే మా అల్లుణ్ణి అడగండి.

ఒకరోజు బడి నుంచి వచ్చి సంచీ పడేసి మంచం అంచున కూర్చుంటే, అక్క గోడ వైపు నుంచి తిరగకుండానే అడిగింది.

"బయట ఎట్లున్నదే?"

నా ప్రాణం లేచి వచ్చింది. ఆగకుండా చెప్పాను. గుట్ట మీద తంగేడు పూసింది, దూరం నుంచి గుట్ట పచ్చగా పసుపు చల్లినట్టుంది. బీడు చేలల్లో గునుగు తెల్లగా నిలబడింది. బస్టాండు దగ్గర యాచారం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్నారు. పక్కింట్లో పచ్చి పల్లికాయ ఉడకబెడుతున్నారు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది గానీ పొద్దుమూకితే చేతుల మీద సన్నగా చలి తెలుస్తుంది. బోరింగు దగ్గర బిందెల వరస కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. అక్క అన్నీ విన్నది. చివరికి "ఎవల జుట్టు ఎవలు పట్టుకున్నరే?" అని అడిగింది. ఆ రోజు నుంచి అదే నా ఉద్యోగం. బయట ఉన్నదంతా మోసుకొచ్చి ఆ చీకటి గదిలో పొయ్యడం.

బతుకమ్మ పండుగ మొదలైంది. పొద్దుమూకగానే గల్లీలో పాటలు. అక్క నన్ను దగ్గరికి పిలిచి, "తలుపు కాడ నిలబడు. నాయినమ్మొస్తే దగ్గు" అని చెప్పి, చెవుల్లోంచి దూది తీసేసి కూర్చునేది. మూసిన కిటికీ రెక్కకు చెవి ఆనించి వినేది. పెదవులు కదిలేవి, గొంతు మాత్రం బయటికి వచ్చేది కాదు. నేను దగ్గితే దూది మళ్ళీ చెవుల్లోకి పోయేది. ఆ పండుగ రోజుల్లో నాకు దగ్గు పట్టుకుందని నాయినమ్మ నాకూ మిరియాల చారు పోసింది.

అట్లా రెండు మూడు సాయంత్రాలు విన్నాక అక్క నాయినమ్మను నేరుగా అడిగింది.

"నాయినమ్మా, సద్దుల దినం నన్ను ఆడనిస్తవా?"

"బావి పూజ గాకుంట బాలెంత కడప దాటుతదానే?"

"అయితే బావి పూజ ఎప్పుడు?"

నాయినమ్మ గుడి అయ్యగారిని అడిగి వచ్చింది. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి పొద్దున మంచి గడియ ఉందన్నారు. "పొద్దుగాల నీళ్ళు తోడు, పొద్దుమూకి ఆడుకో. ఎవలొద్దన్నరు?" అంది. అక్క లేచి కూర్చుంది. ఆ పూట కంచంలో అన్నం మిగల్లేదు.

మా వైపు బాలింతకు అది పెద్ద పండుగ. ఆ రోజు తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, కాన్పు తర్వాత మొదటిసారి బయటికి వస్తుంది. చేదబావి ఒరకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తన చేతులతో ఒక బొక్కెన నీళ్ళు తోడి ఇంట్లోకి తెస్తుంది. అక్కడితో పురుడు తీరిపోతుంది, ఇంటి మనిషి ఇంట్లో కలుస్తుంది. బావి ఎట్లా నీళ్ళిస్తుందో తల్లి అట్లా పాలిస్తుందని నాయినమ్మ నమ్మకం. "బావి ఊటే తల్లి ఊట" అని చాలాసార్లు అనేది. అందుకే ఆ ఒక్క విషయంలో ఆమె దగ్గర బేరం లేదు.

చిక్కంతా బావితో వచ్చింది. మా గల్లీకి ఆ చివర బావి, ఈ చివర బోరింగు. బోరింగు వచ్చిన దగ్గర్నుంచి గల్లీ మొత్తం అక్కడికే బిందెలు మోసింది. ఒక్క నాయినమ్మ మాత్రం బావిని వదల్లేదు. "ఇనుప నీళ్ళు. పప్పు ఉడుకది, పానం నిలువది" అని ఆ బోరింగును తిట్టేది. దాని పిడిని ఒక్కసారి ముట్టింది లేదు. దారిలో అడ్డం వస్తే చుట్టూ తిరిగి పోయేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎప్పుడూ నిండుగా ఉండే కాలంలో బావి అడుగుకు పోయింది.

"అత్తా, బావిల బొక్కెన మునుగుతలేదు" అంది అమ్మ ఒకరోజు, మెల్లగా.

"పండుగకు వాన పడ్తది. ఎన్నడన్న తప్పిందా? ఊరుతయ్" అంది నాయినమ్మ.

నా ఉద్యోగం పెరిగింది. బడికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి బావి ఒర మీద బోర్లా పడుకుని లోపలికి చూసేదాన్ని. అక్క రోజూ అడిగేది. "ఇయ్యాల ఎన్ని కనబడ్డయ్?" మొదట తాంబాళమంత అని చెప్పాను. తర్వాత పళ్ళెమంత. తర్వాత చెంబు మూతంత. అబద్ధం చెప్పాలని నాలుక దాకా వచ్చేది గానీ, అక్క మొహం చూస్తే చెప్పలేకపోయేదాన్ని. "వాన పడ్తదిలే అక్కా, ఫికర్ జేయకు" అనేదాన్ని. ఆకాశంలో చేతిగుడ్డంత మబ్బు లేదు.

సీతాఫలం సంగతి ఆ రోజుల్లోనే. గుట్ట మీద నుంచి నేనూ నా స్నేహితురాలూ కలిసి పచ్చికాయలు తెంపుకొచ్చాం. నా వాటా జొన్నల గుమ్మిలో దాచాను. కళ్ళు విచ్చుకుని మెత్తబడేసరికి వాసన ఆగుతుందా? లంగాలో పెట్టుకుని వెనక గదికి తీసుకెళ్ళాను. అక్క తలుపు వైపు చూసింది, కాయను చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది. రెండు చేతులతో ఒత్తగానే కాయ రెండుగా విడిపోయింది. కళ్ళు మూసుకుని తిన్నది. గింజలు ఒక్కొక్కటీ నా అరచేతిలో ఉమ్మేసింది. తొక్కను కూడా చెంచాతో గీరినట్టు పళ్ళతో గీరింది. గింజలు ఎక్కడ పెట్టాలో తెలియక కుంపటి బూడిదలో కప్పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారి బూడిద ఎత్తుతూ నాయినమ్మ ఆగింది. మాడిన గింజలు వేళ్ళ మధ్య తిప్పింది. నన్ను చూసింది. మంచం మీద అక్కను చూసింది. అయిపోయింది నా పని, అనుకుని గోడకు అతుక్కుపోయాను. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఎప్పటికంటే రెండింతల కాయం ముద్ద తెచ్చి అక్కతో "నోరు తెరువు" అంది. ఆ రోజంతా గంటకొకసారి పాప ఛాతీకి చెవి ఆనించి విన్నది. పాపకు సర్ది లేదు, గిర్ది లేదు. సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి చెవి పట్టుకుంది.

"ఇగ నుంచి గింజలు బయట పారెయ్. పిల్ల పండేకాడ నిప్పులల్ల ఏం యాపారం జేస్తున్నవే?"

"అయితే ఇంకోటి ఇయ్యొచ్చా నాయినమ్మా?"

"నేను సూడలె. నాకు కండ్లు కానరావు" అంది. ఆమెకు కళ్ళు బ్రహ్మాండంగా కనబడేవి. సూదిలో దారం నాకంటే ముందు ఎక్కించేది.

సద్దుల రోజు వచ్చింది. బాపు తెల్లవారకముందే సైకిలు మీద మోపులు మోపులుగా తంగేడు, గునుగు తెచ్చి పడేశాడు. అమ్మ నువ్వుల సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులుసు కలిపిన సద్ది, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు చేస్తున్నది. అక్క తలస్నానం చేసి ఆకుపచ్చ చీర కట్టుకుంది. అద్దంలో చూసుకుంది. చెవుల్లో దూది తీసి కుంపటిలో పడేసింది. నాయినమ్మ చూసి కూడా ఊరుకుంది.

ముందు నాయినమ్మ, వెనక అక్క, పాపను ఎత్తుకుని అమ్మ, పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నేను. గల్లీ ఆడవాళ్ళు కూడా నలుగురైదుగురు వచ్చారు. అక్క బావి ఒరకు పసుపు రాసింది, గిరకకు బొట్టు పెట్టింది, బొక్కెన వదిలింది. తాడు పోయింది, పోయింది, ఇంకా పోయింది. అడుగున దబ్‌మని చప్పుడైంది. నీళ్ళ చప్పుడు కాదది. అక్క తాడు అటూ ఇటూ ఆడించింది, బొక్కెనను ఒరిగించింది, లాగింది. బొక్కెన పైకొచ్చింది. అందులో నల్లటి బురద, బురదలో ఒక చిన్న కప్ప. కప్ప మమ్మల్ని చూసి బయటికి దూకింది.

ఎవరూ నవ్వలేదు.

"ఇంకోపారి ఎయ్యి" అంది నాయినమ్మ. మళ్ళీ బురదే వచ్చింది. నాయినమ్మ మొహం తెల్లబడింది. ఆమె భయపడటం నేను చూసింది అప్పుడే.

"నడువున్రి ఇంట్లకు. పూజ కాలె."

"అత్తా, పొల్ల మస్తు ఆశ పెట్టుకున్నది..." అంది అమ్మ.

"బురద తోడి కడప దాటుతదా? పిల్ల పాలకేమన్నయితే నువ్విస్తవా? వాన పడి బావి ఊరేదాక ఎనక గదిల్నే ఉండనియ్. ఒక్క పండుగ పోతే పానం పోతదా?"

అక్క బొక్కెనను ఒర మీద పెట్టింది. వచ్చిన దారినే తిరిగి వెళ్ళి, కొత్త చీరతోనే మంచం ఎక్కి గోడ వైపు తిరిగింది. అన్ని రోజులూ నేను మోసుకొచ్చిన తంగేడు, గునుగు, జుట్ల పోట్లాట, సీతాఫలం, అంతా ఆ బురద బొక్కెనలో పోయింది. నాకు కళ్ళు తిరిగేంత కోపం వచ్చింది. గుమ్మంలో నిలబడి నాయినమ్మ మీద అరిచాను.

"నీ బావి సచ్చిపోయింది! బోరింగుల మస్తు నీళ్ళున్నయ్! నీకు అక్క కంటె బావే ఎక్కువ!"

చెంప ఛెళ్ళుమంది. పళ్ళెం కింద పడి కుంకుమ చెల్లాచెదురైంది. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. అప్పుడు వెనక నుంచి మంచం కిర్రుమంది. అక్క లేచింది. నా చెంప చూసింది, నాయినమ్మను చూసింది. మూలనున్న ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, ఎవర్నీ అడక్కుండా, కడప దాటి గల్లీలోకి నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

బోరింగు దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు పక్కకు జరిగారు. బాలింత బిందె పట్టుకుని వస్తే ఎవరు మాత్రం ఏమంటారు? అక్క బిందె పెట్టి పిడి పట్టుకుంది. చేతుల్లో సత్తువ లేదు. పిడి కిందికి రానంటుంది. నేను ఎగిరి దాన్ని పట్టుకుని వేలాడాను. కీచుమంటూ దిగింది. పైకి లేచినప్పుడు నా కాళ్ళు నేలను వదిలాయి. మళ్ళీ దిగాను, మళ్ళీ లేచాను. అక్క లాగుతుంది, నేను వేలాడుతున్నాను. ముందు గాలి వచ్చింది, తర్వాత గుక్కెడు, తర్వాత భళ్ళున నీళ్ళు. అప్పుడే ఎవరో "ముసలమ్మొచ్చె" అన్నారు.

నాయినమ్మ కర్ర పొడుస్తూ వస్తున్నది. రెండో చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం. కింద పడ్డదాన్ని మళ్ళీ ఎత్తి నింపుకుని వచ్చింది. ఆమె ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. బోరింగు ముందు ఆగి, దాన్ని కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. అన్నాళ్ళూ చుట్టూ తిరిగి పోయిన దాన్ని మొదటిసారి ఎదురుగా నిలబడి చూసింది.

"ఆపు" అంది.

అక్క పిడి వదల్లేదు. ఆపింది గానీ వదల్లేదు. నేను ఇంకా వేలాడుతూనే ఉన్నాను.

"బొట్టు పెట్టకుంటనే నీళ్ళు కొడ్తవా? తెలివున్నదానే నీకు?" అని కసిరి, నన్ను దిగమని కర్ర నా చేతికిచ్చింది. పసుపు తడిపి పిడికి రాసింది, మెడకు రాసింది. నీళ్ళు పడే మూతికి కుంకుమ పెట్టింది. కొంగు ముడిలోంచి తంగేడు కొమ్మ తీసి బోల్టు సందులో గుచ్చింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "ఇగ కొట్టు" అంది.

వరసలో ఒకామె ఆపుకోలేకపోయింది. "ఏంది పెద్దమ్మా, ఇనుప నీళ్ళంటివి?"

"నీళ్ళు నీళ్ళే. నీకేం నొప్పి? జరుగు."

అక్క నవ్వింది. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. పిడి పట్టుకుని వంగిపోయి నవ్వింది, కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళకో విన్న నాకు ఏడుపొచ్చింది. కర్ర పడేసి నేను మళ్ళీ పిడికి వేలాడాను, బిందె నిండి పొర్లింది, అక్క కొత్త చీర కుచ్చిళ్ళు తడిశాయి. గల్లీ చివర నుంచి బాపు కేక వినిపించింది. "ఏందే ఆ నవ్వుడు? ఇల్లు కూలుతది!"

ఆ సాయంత్రం అక్క పాట అందుకుంది. మొదటి చరణంలో గొంతు జీరపోయింది, రెండో చరణానికి దారిలో పడింది. అవతలి గల్లీ వాళ్ళు తమ బతుకమ్మను ఎత్తుకుని వచ్చేశారు. నేను గోడ పక్కన నాయినమ్మ దగ్గర కూర్చుని మలీద ముద్ద తింటున్నాను. ఆమె నా చెంప మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఇంకా పసుపు వాసన.

"నొచ్చిందా?"

"లే" అన్నాను. నొచ్చింది.

కాసేపు అక్క ఆడటం చూసింది. తర్వాత నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు అంది. "మీ బాపు పుట్టినప్పుడు నేను సుత గోడనే సూసిన. ఎట్లున్నవే అని ఎవలు అడగలె."

నాకు అర్థం కాలేదు. ఇంకో ముద్ద పెట్టమన్నాను.

ఒక్క బోరింగుతో అక్క బాగైపోయిందని అబద్ధం చెప్పను. తర్వాత కూడా కొన్ని రోజులు గోడ వైపు తిరిగేది. కానీ నాయినమ్మ ఇక ఊరుకునేది కాదు. కిటికీ రెక్క తెరిచేది. పాపను ఎత్తుకుని మంచం మీదనే కూర్చుని గల్లీ పంచాయితీలన్నీ చెప్పేది. పప్పుకు మాత్రం, బావి మళ్ళీ ఊరేదాకా, బోరింగు నీళ్ళే పెట్టింది. ఉడకలేదని ఒక్కరోజూ అనలేదు.

ఇప్పుడు ఆ బావి లేదు. పూడ్చి ప్లాటు చేశారు, చుట్టూ ప్రహరీ కట్టారు. బోరింగు పిడి ఎవరు పట్టుకుపోయారో, మూరెడు గొట్టం మాత్రం రోడ్డు అంచున ఉంది. ఆ రోజు ఏడ్చిన పాప ఇప్పుడు కొంగరకలాన్‌లో ఉద్యోగం చేస్తున్నది, నా కంటే గట్టిగా అరుస్తుంది. నాయినమ్మ చెప్పినట్టే గొంతు పెరిగింది.

నిన్న సీతాఫలాల పెట్టె మూత పెట్టేసి యాచారంలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, నా బిడ్డ గోడ దిక్కు సూస్తున్నదే" అన్నాను. అంతకు మించి చెప్పాల్సిన పని రాలేదు. "పొద్దుగాల బస్సుకొస్త" అంది.

వచ్చింది. సంచీ నిండా గుట్ట సీతాఫలాలు, వలా లేదు ముస్తాబూ లేదు. నేరుగా గదిలోకి వెళ్ళి నా బిడ్డ వీపు వెనక కూర్చుంది. ఏమైందని అడగలేదు. ఒక కాయ విప్పి చేతికిచ్చింది. కళ్ళు మూసుకుని తినే దాకా ఊరుకుని, తర్వాత బోరింగు కథ మొదలుపెట్టింది. కప్ప దగ్గర నేను అందుకున్నాను. చెంపదెబ్బ దగ్గర ఇద్దరం ఒకేసారి మాట్లాడాం. నా బిడ్డ మెల్లగా ఇటు తిరిగింది.

"పెద్దమ్మా, ఇప్పుడు నేనేం తోడాలె? ఈడ బావి లేదు, బోరింగు లేదు" అంది.

"లే, జెప్త" అని అక్క దాన్ని వంటింట్లోకి నడిపించింది. నా బిడ్డ చెంబు తీసుకుని కుళాయి కింద పెట్టి తిప్పబోయింది. అక్క టపీమని చేతి మీద కొట్టింది.

"బొట్టు పెట్టకుంటనే నీళ్ళు పడ్తవా? తెలివున్నదానే నీకు?"

నా బిడ్డ ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది. అచ్చం ముక్కులోంచి మొదలై కడుపులోంచి వచ్చే నవ్వు. నేను పసుపు డబ్బా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళాడు. "కుళాయికి ఈ పసుపేంటి అత్తయ్యా? తుడిచెయ్యమంటారా?" అని అడిగాడు.

గదిలోంచి కాదు, హాల్లోంచి నా బిడ్డ గొంతు వినిపించింది. పాపను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ పెద్దమ్మ పక్కన కూర్చుని ఉంది.

"ముట్టకు. అది మా బావి."